ఓడ ఆగేది కొన్ని గంటలే: దూరపు నగరానికి పరుగెత్తాలా, రేవు ఊరే చూడాలా?

నీలిరేవు:
యూరప్ క్రూయిజ్ ప్రకటనల్లో "రోమ్" అని రాస్తారు. ఓడ ఆగేది అక్కడికి డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, చివిటవెక్కియాలో. "ఫ్లోరెన్స్" అంటే లివోర్నో, "పారిస్" అంటే లె హావ్ర్. ఇలాంటి చోట్ల నగరానికి పరుగెత్తడం దండగని నా గట్టి అభిప్రాయం. రానూపోనూ బస్సులోనే సగం పూట పోతుంది, మిగిలిన సగం గడియారం చూసుకోవడంతో సరి. రేవు ఊళ్లోనే తీరిగ్గా తిరిగితే పోయేదేముంది?

తెరచాప:
పోయేది రోమ్ అండీ! మళ్లీ ఆ వైపు వస్తామో రామో ఎవరికి తెలుసు? చివిటవెక్కియా నుంచి రోమ్‌కి రైలుంది, గంట కాస్త అటూ ఇటూ. లోకల్ రైలు సాన్ పియెత్రో స్టేషన్‌లో ఆగుతుంది, అక్కణ్ణుంచి సెయింట్ పీటర్స్ చర్చికి నడిచే దూరమే. కొలోసియం, ట్రెవి ఫౌంటెన్ అన్నీ ఒకే రోజు చుట్టేయాలనుకుంటేనే ఆయాసం. ఒక్క చోటు ఎంచుకుంటే అంత హడావుడి ఉండదు.

నీలిరేవు:
సరే, రోమ్ సంగతి వదిలేద్దాం. పారిస్ మాటేమిటి? లె హావ్ర్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. అంత దూరం బస్సులో పోయి ఈఫిల్ టవర్ ముందు ఫొటో దిగి రావడాన్ని చూడటం అనను. లె హావ్ర్‌ని చాలామంది తీసిపారేస్తారు గానీ, 1944 బాంబుదాడుల్లో నేలమట్టమైన ఊరది. ఆగస్ట్ పెరె అనే వాస్తుశిల్పి కాంక్రీటుతో మళ్లీ నిలబెట్టారు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇంప్రెషనిజం అనే చిత్రకళా ధోరణికి ఆ పేరు రావడానికి కారణమైన, చిత్రకారుడు మోనే గీసిన సూర్యోదయ చిత్రం 1872 నాటి ఈ రేవుదే. ఓడ దిగిన చోటే ఇంత చరిత్ర ఉంటే బస్సెక్కడం ఎందుకు?

లంగరు:
ముందు ఓడ తప్పిపోకుండా చూసుకోండి. ఓడ వాళ్ల టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకి వాళ్లే చేరుస్తారు. సొంతంగా వెళ్లినవాళ్లకి ఆ భరోసా లేదు, ఖర్చూ తిప్పలూ మనవే. ఓడ సమయం, ఊరి సమయం ఒకటేనా అన్నది దిగేముందే కనుక్కోవాలి. అందుకే నా లెక్క: దూరమైతే ఓడ వాళ్ల టూర్, దగ్గరైతే సొంతంగా. గ్రీసులో పిరేయస్ రేవు నుంచి ఏథెన్స్‌కి మెట్రో ఉంది, అక్కడ టూర్‌కి డబ్బు పోయడం అనవసరం. గ్రీకు దీవి శాంటొరీనిలో మాత్రం ఓడ గట్టుకి రాదు, చిన్న పడవల్లో దింపుతారు. పైకి 588 మెట్లు, లేదంటే కేబుల్ కార్. దిగి వచ్చేటప్పుడు క్యూకే చాలా సమయం పట్టవచ్చు.

గట్టుమీద:
ఆ ఊళ్లవాళ్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదేం? వేలమంది ఒకే గంటలో ఒకే గేటు ముందు దిగితే వాళ్లు ఎలా బతకాలి? క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ రోజుకి రెండు క్రూయిజ్ ఓడలే అని 2019లో హద్దు పెట్టుకుంది. 2021 ఆగస్టు నుంచి వెనిస్ నడిబొడ్డు కాలువలోకి పెద్ద ఓడలు రాకూడదు. టూర్ బస్సులన్నీ పోయే చోటికే పోవడం నాకు నచ్చదు.

తెరచాప:
గట్టుమీద గారూ, మీ బాధ న్యాయమైనదే. కానీ అందరూ రేవు ఊళ్లోనే ఉండిపోతే ఆ చిన్న ఊరికి రద్దీ ఇంకా పెరగదా? నీలిరేవు గారూ, లె హావ్ర్ గురించి మీ మాటతో ఏకీభవిస్తాను, పెరె కట్టిన ఊరు చూడదగ్గదే. అయితే ఆ మోనే చిత్రం ఉన్నది పారిస్‌లో, మార్మొతాన్ మ్యూజియంలో. అది చూడాలన్న తపన ఉన్నవాళ్లని బస్సెక్కనివ్వండి. రోమ్ విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను.