ఏథెన్స్ కుండల మీది పేర్లు: నిజంగా ఒక జట్టేనా?

పచ్చికుండ: మ్యూనిక్‌లో ఉన్న ఒక ఆంఫొరా (రెండు చెవుల పెద్ద కూజా) మీద (క్రీ.పూ. 510 ప్రాంతం) చిత్రకారుడు యూథిమిడీస్ తోటి చిత్రకారుణ్ణి ఎత్తిపొడుస్తూ "యూఫ్రోనియోస్ వల్ల ఎన్నడూ కాలేదు" అనే అర్థంలో రాసుకున్నాడు. దీన్ని పట్టుకుని ఆ తరం ఏథెన్స్ కుండల చిత్రకారులంతా ఒకరినొకరు ఎరిగిన ఒకే జట్టు అని తేల్చేస్తున్నారు. ఒక్క ఎత్తిపొడుపుతో జట్టు తేలుతుందా?

కుమ్మరివాడ: ఒక్కటే కాదండీ. ఫింటియాస్ అనే మరో చిత్రకారుడు గీసిన హైడ్రియా (నీళ్ల బిందె) మీద సంగీతం నేర్చుకుంటున్న కుర్రాడి పక్కన యూథిమిడీస్ పేరుంది. అదే పాత్ర భుజం మీద ఒకామె "ఇది నీకే, యూథిమిడీస్" అంటూ కప్పులోని మద్యం చిమ్ముతోంది. ఎరగనివాణ్ణి ఇలా ఎవరు ఆటపట్టిస్తారు?

లెక్కలపద్దు: పేర్లు సరే, ఎవరికి ఎవరితో సంబంధముందో మనం బంధాల పట్టిక వేసేటప్పుడే అసలు చిక్కు. కుమ్మరి "చేశాడు", చిత్రకారుడు "గీశాడు" అని ఒకే పాత్ర మీద ఇద్దరి సంతకాలూ ఉంటేనే అది గట్టి ముడి. సార్పెడాన్ అనే వీరుడి మరణం గీసిన క్రేటర్ (మద్యం కలిపే పెద్ద గిన్నె) మీద కుమ్మరి యూక్సిథియోస్, చిత్రకారుడు యూఫ్రోనియోస్ ఉన్నట్టు. ఎక్కువ పాత్రలకు సంతకమే లేదు. గ్రీకు కుండల పండితుడు బీజ్లీ వాటిని గీత తీరు చూసి చిత్రకారులకు పంచాడు. తీరు కలిసిందని ఇద్దర్ని ఒక గుంపులో వేసి, ఆ గుంపునే మళ్లీ స్నేహానికి రుజువంటే గానుగెద్దు నడకే. ఆ రెండు రకాల ముడులూ వేర్వేరు నిలువు వరుసల్లో ఉండాలి, కలిపి కూడకూడదు.

కుమ్మరివాడ: పని పద్ధతిని మర్చిపోతున్నారు. కుండ ఇంకా మెత్తగా ఉండగానే మొద్దుమొన పనిముట్టుతో ముసాయిదా గీసేవారు, వాలు వెలుతురులో ఆ గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆపైన పూసే నల్లపూత కూడా సన్నగా వడగట్టిన బంకమట్టే. కుండ బాగా ఎండిపోయాక పూస్తే సరిగా పట్టకపోవచ్చు, పెచ్చులూడొచ్చు. అంటే చక్రానికీ కుంచెకూ మధ్య దూరం ఎంతో ఉండదు.

పచ్చికుండ: దగ్గర ఉండటం వేరు, జట్టు వేరు. ఎపిక్టెటోస్ అనే చిత్రకారుడు హిస్కిలోస్, నికోస్థెనీస్, పాంఫాయోస్, పైథాన్, ఇలా ఎందరో కుమ్మరుల పాత్రలకు గీశాడు. అది కూలికి తిరిగినట్టుంది.

లెక్కలపద్దు: ఎపిక్టెటోస్‌ది సంతకాల ముడి కాబట్టి మొదటి వరుసలోకే వస్తుంది. ఫింటియాస్ హైడ్రియా రాతకు మూడో వరుస గీయాలి. స్మిక్రోస్ అనే చిత్రకారుడితోనే తంటా. బ్రసెల్స్‌లో ఉన్న స్టామ్నోస్ (మద్యం జాడీ) మీద విందులో పడుకున్నవాడికి తన పేరే పెట్టుకున్నాడు. యూఫ్రోనియోస్‌దిగా చెప్పే మ్యూనిక్ క్రేటర్ విందులోనూ అదే పేరు. అసలు స్మిక్రోస్ అనేవాడే లేడు, యూఫ్రోనియోస్ కల్పించిన వేషం అనే వాదమూ ఉంది. అది నిజమైతే మన పట్టికలో ఒక మనిషే తగ్గుతాడు.

కుమ్మరివాడ: ఆ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచుదాం, కొట్టేయొద్దు.