అద్దెకు తిరిగిన రావ్‌4: 2018దా, 2019దా?

ప్రశ్న: అద్దెకు తిప్పిన రెండు టయోటా రావ్‌4 కార్లు చూసొచ్చాను. 2018ది 40 వేల మైళ్లు తిరిగింది, 2019ది 65 వేలు. వెనక రెండు పిల్లల సీట్లు పట్టాలి, మోకాళ్ల నొప్పితో నాన్నగారు ఎక్కి దిగాలి. ఏది తీసుకోమంటారు?

జవాబు: 2019దే తీసుకోండి. ఆ ఏడాదే బండి పూర్తిగా మారింది. ఇంజిన్ 2.5 లీటర్లే, కానీ 176 హార్స్‌పవర్ కాస్తా 203 అయింది. గేర్లు 6 నుంచి 8కి పెరిగాయి.

జవాబు: ఏడాది కన్నా వాడిన తీరు ముఖ్యమండీ. నేను కొనబోయిన అద్దె బండి పైకి తళతళలాడింది. డిక్కీలో కార్పెట్ ఎత్తితే స్పేర్ టైరు గుంట నిండా తుప్పు! వదిలేసి వచ్చాను. టైరు పక్కన అచ్చువేసి ఉండే డాట్ నంబరు (తయారీ కోడ్) చివరి 4 అంకెలు కూడా చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఒక్క టైరే కొత్తదైతే ఎందుకు మార్చారో గట్టిగా అడగండి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే చూశానండీ. 2019 బండికి ముందు కుడి టైరొక్కటే కొత్తది. ఆ వైపు ఫెండర్ (చక్రం పైనుండే రేకు) బోల్టుల మీద రంగు లేచిపోయి ఉంది, అంటే దాన్ని ఎప్పుడో విప్పి బిగించినట్టుంది. రేపు మెకానిక్‌తో లిఫ్ట్ ఎక్కించి కింద కూడా చూపిస్తాను. అంతవరకు అడ్వాన్స్ ఇవ్వను.