పిల్లల్లో ఆటో ఇమ్యూన్ హెపటైటిస్: ఎస్‌జీపీటీ మామూలుకు వచ్చాక మందు ఆపవచ్చునా?

రాయగడ అమ్మ:
మా అమ్మాయికి పదకొండేళ్లు. మొన్నటి వర్షాకాలంలో కళ్లు పచ్చబడితే ముందుగా మలేరియాకు, ఆపైన సికిల్ సెల్‌కు పరీక్షలు చేశారు. మా వైపు పిల్లలకు కామెర్లంటే అక్కడి నుంచే మొదలుపెడతారు. రెండూ కాదని తేలాక మా అత్తగారి మాట కాదనలేక మూడు వారాలు పసరు పోయించాం. ఆ మూడు వారాలు తలచుకుంటే ఇప్పటికీ నా మనసు మనసులో ఉండదు. చివరికి విశాఖపట్నంలో వైరస్ హెపటైటిస్ లేదనీ, ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు కాదనీ చూసుకుని, ఐజీజీ (రక్తంలోని ఒక రక్షక ప్రొటీను), యాంటీబాడీలు, బయాప్సీ (కాలేయం ముక్క తీసి చూడడం) చేశాక, ఒంటి రక్షణ వ్యవస్థే కాలేయాన్ని దెబ్బతీసే ఈ జబ్బు పేరు చెప్పారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రక్షణ వ్యవస్థను అణిచే అజాథయోప్రిన్ మొదలుపెట్టి నాలుగు నెలలైంది. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ మామూలుకు వచ్చింది, కానీ ముఖం ఉబ్బిందని బడిలో ఏడిపిస్తున్నారట, మందు మింగనని మొండికేస్తోంది. ఇక ఆపవచ్చునా?

పర్లాకిమిడి నాన్న:
అమ్మా, మీ అంతట మీరు ఆపకండి. మా అబ్బాయికి పద్నాలుగేళ్లప్పుడు ఉన్నట్టుండి ఎస్‌జీపీటీ మళ్లీ వందల్లోకి ఎక్కింది. డాక్టరుగారు మందులు సరిగా వేస్తున్నారా అని అడిగితే నాకు కోపం కూడా వచ్చింది. ఇంటికొచ్చి వెతికితే వాడి జామెట్రీ బాక్సులో, కోణమానిని కింద, నోటుపుస్తకం కాగితంలో చుట్టిన పద్నాలుగు మాత్రలు దొరికాయి. వాడిదీ ముఖం బాధే.

స్టెరాయిడ్‌ను మొదట బరువును బట్టి, కిలోకు సుమారు 2 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు 60 మించకుండా ఇచ్చి, ఎస్‌జీపీటీ దిగేకొద్దీ కొన్ని వారాల్లో చిన్న మోతాదుకు తెస్తారని, ముఖం వాపు కూడా దానితోపాటే తగ్గుతుందని ఆయన వాడికే నేరుగా చెప్పారు. నేను వందసార్లు చెప్పినా ఎక్కనిది అప్పుడు ఎక్కింది. ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెట్టడమే కాక, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ కూడా వెంటనే అందక ప్రాణం మీదికి రావచ్చు. కనీసం రెండు మూడేళ్లు వాడి, ఎస్‌జీపీటీ, ఐజీజీ చాలాకాలం మామూలుగా నిలిచి, మళ్లీ చేసిన బయాప్సీలో వాపు లేదని తేలితేనే ఆపే మాట ఎత్తుతారట. రిపోర్టులో ఎల్‌కేఎం అనే యాంటీబాడీ పాజిటివ్ అని ఉంటే అది ఈ జబ్బులో రెండో రకం; అందులో మందు పూర్తిగా ఆపగలగడం అరుదు.

బరంపురం అక్క:
అజాథయోప్రిన్ వాడుతున్నంతకాలం తెల్ల రక్తకణాల లెక్క చూపించుకుంటూ ఉండాలి. జ్వరం వస్తే రేపు చూద్దామని ఆగకుండా ఆ రోజే చూపించండి. ఇంటి పక్కన ఎవరికైనా ఆటలమ్మ సోకినా డాక్టరుకు ఫోన్ చేయండి. టీకా వేయించే ముందు ఈ మందుల పేర్లు తప్పక చెప్పండి, ఎందుకంటే కొన్ని టీకాలు ఈ పిల్లలకు వేయకూడదు.

రాయగడ అమ్మ:
రిపోర్టు తీసి చూశాను, ఎల్‌కేఎం నెగటివ్ అనే ఉంది. వచ్చే వారం వెళ్లినప్పుడు ముఖం సంగతి అమ్మాయి చేతనే అడిగిస్తాను. అన్నయ్యగారూ, మీరు చెప్పిన వెంటనే జామెట్రీ బాక్సు కూడా తెరిచాను. పెన్సిలు పొట్టు తప్ప ఏమీ లేదు.