సమస్య: చేప నరునకె చుట్టము చేపకన్న

అలిపిరి మాస్టారు: ఈ వారం తేటగీతి పాదం ఇచ్చాను. నాగలాపురంలో వేదనారాయణస్వామి మత్స్యరూపం మన పక్కనే ఉంది కాబట్టి అందరూ అవతారం వైపే పోతారు, ఈసారి పురాణం వద్దు, శాస్త్రంలోనే అర్థం కుదరాలి.

పీలేరు తమ్ముడు:

కండలెముకలు నిండిన గట్టి రెక్క
కాలుసేతుల కదె మూలకారణమ్ము
బొచ్చెకున్నది పలుచని పుల్ల రెక్క
చేప నరునకె చుట్టము చేపకన్న

చిత్తూరు అక్క: పుల్ల రెక్క అన్నావు చూడు, బొచ్చె చేపను కోసినవాళ్లకు వెంటనే కళ్లకు కడుతుంది. యతులు సరిగ్గా పడ్డాయి, బొ-పు కూడా. అయితే ఆ కండ రెక్క ఏ చేపదో చెప్పలేదు తమ్ముడూ, అది చెప్పకుంటే చివరి పాదంలో రెండు చేపలూ ఒకటే అయిపోతాయి, సమస్య విడిపోదు. నాది ఇది:

చచ్చిపోయిన దనుకొన్న జాతి వచ్చి
సీలకాంతను పేరిట జెప్పె నిజము
దాని దాయాదులైరి మా తాతలెల్ల
చేప నరునకె చుట్టము చేపకన్న

1938 డిసెంబరులో దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కేదాకా, నువ్వన్న కండ రెక్కలుండే ఈ సీలకాంత్ చేపలు 6.6 కోట్ల ఏళ్ల కిందటే పోయాయనుకున్నారు. మ్యూజియంలో పనిచేసే మార్జరీ కోర్ట్నీ-లాటిమర్ అది మామూలు చేప కాదని పట్టుకుని దాచబట్టే దానికి లాటిమేరియా అని ఆమె పేరు పెట్టారు.

అలిపిరి మాస్టారు: దాయాదులు అన్న చోట పద్యం నిలబడిందమ్మా. సీలకాంతే మన తాత అనుంటే తప్పయ్యేది, అది మన పాత ఉమ్మడి వంశంలో వేరుపడిన శాఖ. కానీ మొదటి పాదంలో జాతి అన్నది ఒప్పుకోను. ప్రాణహిత-గోదావరి లోయ జురాసిక్ రాళ్లలో దొరికిన ఇండోసీలకాంతస్ అనే పాతకాలపు సీలకాంత్ నిజంగానే పోయింది, తిరిగి రాలేదు. మిగిలింది దాని చుట్టాలు, అవీ రెండే జాతులు, ఒకటి ఆఫ్రికా వైపు, ఒకటి ఇండోనేషియాలో. జాతి తీసి శాఖ పెట్టు, చ-శ యతి చెల్లుతుంది, గణమూ మారదు.

చిత్తూరు అక్క: మార్చేశాను సార్.

శ్రీకాళహస్తి తమ్ముడు: నాకు ఒక్క పాదమే వచ్చింది. 2013లో సీలకాంత్ జన్యువులన్నీ చదివినప్పుడు దానికన్నా ఊపిరితిత్తుల చేపే మనకు దగ్గరని తేలింది కదా, అందుకని:

తిత్తులున్నట్టి మీనమే దగ్గరాయె

చిత్తూరు అక్క: తి-ద హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. మన ఇళ్లలో అన్నట్టు దెగ్గర అని రాసేయ్, ఇ-ఎ సరిపోతాయి.

అలిపిరి మాస్టారు: దెగ్గర నాకు సమ్మతమే. మిగతా రెండు పాదాలు రేపటికి రాయి నాయనా, ఆ చేప ఇప్పుడు ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల్లోనే బతికుంది, అందులోకి మన చెరువులు మాత్రం తేవద్దు.