డ్రైవర్లు లేకుండా ఆఫీసు ప్రింటింగ్: పోర్టల్లో ఉన్న ప్రింటర్ స్టాఫ్‌కి కనబడట్లేదు

విజయవాడ గవర్నర్‌పేటలో మాది ఆడిటర్ ఆఫీసు. 14 కంప్యూటర్లు, 3 ప్రింటర్లు, గుంటూరు బ్రాడీపేటలో చిన్న బ్రాంచి. నేను అకౌంటెంట్‌నే, కానీ ఏ సిస్టమ్ మొరాయించినా పిలుపు నాకే. పోయిన నెల 20న, జీఎస్టీ నెలవారీ రిటర్న్ (జీఎస్టీఆర్-3బీ) ఆఖరి రోజు, నాలుగు సిస్టముల్లో ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పోయింది. పెన్‌డ్రైవ్ పట్టుకుని సీటు సీటుకూ తిరిగాను. ఇక ఆ బాధ వద్దని యూనివర్సల్ ప్రింట్‌కి, అంటే క్లౌడ్ ద్వారా ప్రింట్ ఇచ్చే మైక్రోసాఫ్ట్ సర్వీసుకి, మారుతున్నాను. మాది మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం ప్లాన్. ప్రింటర్లు పాతవి కాబట్టి ఒక కంప్యూటర్లో కనెక్టర్ (పాత ప్రింటర్లని క్లౌడ్‌కి కలిపే సాఫ్ట్‌వేర్) వేశాను. యూనివర్సల్ ప్రింట్ పోర్టల్లో ప్రింటర్లు వచ్చాయి. స్టాఫ్ సిస్టముల్లో వెతికితే మాత్రం ఒక్కటీ లేదు. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

బెంజ్‌సర్కిల్ సిస్టమ్స్: షేర్ చేశారా అండీ? రిజిస్టర్ చేయడం వేరు, షేర్ చేయడం వేరు. పోర్టల్లో ప్రింటర్ తెరిచి షేర్ చేసి, ఎవరెవరు వాడాలో వాళ్లని చేర్చండి. స్టాఫ్ సిస్టములు ఎంట్రా ఐడీలో (ఆఫీసు అకౌంట్లు, కంప్యూటర్లు నమోదయ్యే మైక్రోసాఫ్ట్ సర్వీసు) ఉండాలి. లేకపోతే సెట్టింగ్స్‌లో ఆఫీసు అకౌంట్ కలపండి. డ్రైవర్ మాత్రం, కనెక్టర్ ఉన్న ఆ ఒక్క కంప్యూటర్లో ఉంటే చాలు.

మిర్చి కొట్టు గుమాస్తా: ఆ కనెక్టర్ ఉన్న కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి బ్రదర్, స్లీప్‌లోకి కూడా పోకూడదు. మా కొట్లో కుర్రాడు రాత్రి తాళం వేసేముందు మెయిన్ ఆపేసేవాడు. పొద్దున్నే "ప్రింట్ రావట్లేదు" అని గోల! చివరికి స్విచ్ మీద టేపు అంటించాను. ఇంకో సంగతి, ప్రింటర్ పక్కనే కూర్చున్నా జాబు (మనమిచ్చే ఒక్కో ప్రింట్) క్లౌడ్‌కి వెళ్లి రావాల్సిందే. నెట్ పోతే కాగితం రాదు. ఒక సిస్టమ్‌కి యూఎస్‌బీ కేబుల్ ఉంచుకోండి. తక్‌పట్టీలు (రైతుకిచ్చే సరుకు చీటీలు) కొట్టే మా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ని నేను దీంట్లో కలపనేలేదు, హాయిగా ఉంది.

లబ్బీపేట: లెక్క కూడా చూసుకోండి. ఒక్కో లైసెన్సుకి నెలకి 100 జాబులు, అన్నీ కలిపి అందరూ వాడుకోవచ్చు. 14 లైసెన్సులుంటే 1,400. 50 పేజీల ఫైల్ ఒకేసారి పంపితే ఒక్క జాబే. ఒక్కో ఓచర్ విడివిడిగా కొట్టే అలవాటుంటే మాత్రం మానిపించండి. ఈసారి ప్రింటర్ కొనేటప్పుడు యూనివర్సల్ ప్రింట్‌కి నేరుగా కలిసేదే అడగండి, కనెక్టర్ పనే ఉండదు.

ప్రశ్న వేసినవాణ్ణి: షేర్ చేయలేదు సార్, అదే తప్పు! చేయగానే అందరికీ వచ్చేశాయి. కాకపోతే రెండు ఆఫీసుల్లోనూ ప్రింటర్ మోడల్ ఒకటే, పేర్లు మార్చకుండా వదిలేశాను. మా సార్ ఇక్కడ క్యాబిన్లో 32 పేజీల బ్యాలెన్స్ షీట్‌కి ప్రింట్ ఇచ్చి, రాలేదని మళ్లీ ఇచ్చారు. కాసేపటికి బ్రాడీపేట నుంచి ఫోను: "అన్నా, ఇక్కడ పేపరు అయిపోయింది, ఎవరివి ఇవన్నీ?"