గ్రీన్ కార్డు మీదున్న అమ్మని మెడికేర్‌లో ఎప్పుడు చేర్చాలి?

అందరికీ నమస్కారం. మేము డాలస్ దగ్గర ఉంటాం. అమ్మకి 68. గ్రీన్ కార్డుతో వచ్చింది; మెడికేర్‌కి (65 దాటినవాళ్లకి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కావాల్సిన వరుస ఐదేళ్లు మార్చికి నిండుతాయి. ఇక్కడ ఉద్యోగం చేయలేదు కాబట్టి పార్ట్ ఏ (ఆసుపత్రి ఖర్చుల భాగం) ఉచితంగా రాదు, ప్రీమియం కట్టి తీసుకోవాల్సిందే. దానికి సిద్ధమే.

సందేహమల్లా గడువు గురించి. 65 నిండేవాళ్లకి పుట్టినరోజు నెల, దాని ముందు మూడు, తర్వాత మూడు, మొత్తం ఏడు నెలలు ఇస్తారు. అమ్మకి ఆ ఏడు నెలలు ఐదేళ్లు నిండే నెల చుట్టూ లెక్కేస్తారా? మా బావగారేమో "అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా టైముంది, కంగారెందుకు" అంటున్నారు. అది ఇప్పటికే మెడికేర్ ఉన్నవాళ్లు ప్లాన్ మార్చుకోడానికి కదండీ! అసలు గడువు దాటితే మళ్లీ జనవరి–మార్చి దాకా ఆగాలి. పైగా పార్ట్ బీకి (డాక్టర్ ఖర్చుల భాగం) ఆలస్యమైన ప్రతి 12 నెలలకీ 10 శాతం పెనాల్టీ, అదీ బతికున్నంతకాలం.

ఇంకో టెన్షన్. మధ్యలో అమ్మ గుంటూరు వెళ్లి, మోకాలి నొప్పితో నాలుగు నెలలు అక్కడే ఉండిపోయింది. దానివల్ల ఐదేళ్ల లెక్క తెగుతుందా? తల్లిదండ్రులకి ఇలా తీసుకున్నవాళ్లుంటే, మెడికేర్‌లో చేర్చుకునే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి ఏయే కాగితాలు పట్టుకెళ్లారో కాస్త చెప్పండి. పాస్‌పోర్టులో స్టాంపులు చూశారా?