సెలవుల్ల పిల్లలకు తక్కువ నూనె అప్పాలు, ఇంట్ల పాత కాగితాలు, పాత చీరలు: ఏం చేస్తే పనికొస్తది?

దేవరకొండ కోడలు:

అందరికి నమస్తే. బడి బంద్ అయి నాలుగు దినాలు కాలేదు, మా ఇంట్ల అప్పుడే లొల్లి మొదలైంది. బిడ్డది ఏడో తరగతి, కొడుకుది నాలుగో తరగతి అయిపోయినయి. పొద్దుగాల ఒక్కొక్కలకు 10 రూపాయల ప్యాకెట్, మాపటికి ఇంకొకటి. ఇద్దరికి దినాం 40, నెలకు 1200. మా ఆయన ఆటో నడుపుతడు. ఈ లెక్క చెప్తే "నెలకో సిలిండర్ ప్యాకెట్లల్లనే పోతుందన్నట్టు" అని ఒక్క మాట అని ఊకున్నడు. గా మాటనే నన్ను గుచ్చింది.

నేను చేయక కాదు. ఉగాది ముందట కిలో బియ్యప్పిండి మురుకులు చేసిన. రెండో దినం మాపటికి డబ్బా అడుగు కనవడ్డది. మురుకులు పోయినయి గాని కడాయిల అర లీటర్ నూనె మిగిలింది. పారబోయ పాణం ఒప్పక వారం దినాలు కూరలల్ల పోసి ఒడగొట్టిన. ఇంటిల్లిపాదికి గొంతులు పట్టినయి. అందుకే అడుగుతున్న: నూనె తక్కువ పట్టేటివి, నాలుగు దినాలన్న నిలిచేటివి, పిల్లలు పక్కన కూసుండి చెయ్యి పెట్టేటివి ఏమన్న చెప్పున్రి. రెండు పొయ్యిల స్టవ్, మిక్సీ, మా అత్తమ్మ రోలు, ఇంతే నా సామాను. ఓవెన్ లేదు. ఓట్స్ కేక్ అని మాత్రం చెప్పకున్రి, దండం పెడ్త.

ఇంకో ముచ్చట. రెండేండ్ల పాత నోటుబుక్కులు బస్తెడున్నయి, పాత చీరలు ఒక మూట. చీరలల్ల ఎక్కువ పాలిస్టర్‌వే, అత్తమ్మవి రెండు మాత్రం నారాయణపేట కాటన్. ఆమె చిన్నగున్నప్పుడు కాగితాలు నానవెట్టి, మెంతులు కలిపి గంపలు చేసేటోళ్లంట. ఎన్ని కాగితాలకు ఎన్ని మెంతులత్తమ్మా అంటే "చేతికి ఎరుకైతది" అంటది. నా చేతికైతే ఎరుకలేదు. గసొంటి గంప ఒకటి చేసి మురుకులు అండ్ల పోసి పెట్టాలని నా ఆశ. ఫోన్ల వీడియోలు చూస్తే గ్లూగన్ అంట, మెరుపుల పొడి అంట. అవి కొనే పైసలకు బజార్ల రెండు గంపలొస్తయి.

పాలమూరు పల్లికాయ:

చెల్లె, మాది వనపర్తి దిక్కు, పల్లి పంట. నా జవాబు తపాల చెక్క. సర్వపిండి అన్నా అదే.

రెండు గ్లాసుల బియ్యప్పిండి తీసుకో. గుప్పెడు శనగపప్పు గంటసేపు నానాలె. పిడికెడు పల్లీలు వేంచి కచ్చాపచ్చాగ దంచు. నువ్వులు రెండు చెంచాలు, ఉల్లికాడలు దొరికితే సన్నగ తరుగు. పచ్చిమిరపకాయ, ఎల్లిపాయ, జీలకర్ర కలిపి నూరి, కరివేపాకు తుంచి ఏసి, ఉప్పు చూసుకొని రొట్టెపిండి కన్న కొంచెం మెత్తగ కలుపు. అడుగు మందమున్న గిన్నెకు లోపల నూనె రాసి, పిండిని అడుగుకు, అంచులకు పలుచగ ఒత్తు. ఏలుతోని బొక్కలు పెట్టి, బొక్కకు రెండు చుక్కల నూనె ఏసి, మూత పెట్టి సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు ఉంచు. చెక్కకు మొత్తం రెండు చెంచాల నూనె దాటదు. బొక్కలు పెట్టుడు పిల్లల పని. మా ఇంట్ల దాని కోసమే కొట్లాట.

కిటుకంత రెండో చెక్క కాడ ఉంటది. కాలిన గిన్నెల పిండి ఒత్తితే చెయ్యి కాలుతది, పిండి పరుచుకోదు. గిన్నెను బోర్లేసి వెనుక నీళ్లు పోసి సల్లారినంక మల్ల ఒత్తాలె. అంత ఓపిక లేకుంటే రెండు గిన్నెలు పెట్టుకొని మార్చుకుంట పో. ఒక్కటి ముందే చెప్తున్న, ఇది నిలువుండదు. పొద్దుగాలది మాపటికి ఒడవాలె.

నిలువకైతే పల్లి పట్టి. రెండు గ్లాసుల పల్లీలకు గ్లాసు బెల్లం. పాకం చుక్క నీళ్లల్ల ఏస్తే గట్టివడి, గిన్నెకు కొడితే టక్కుమనాలె. సాగిందంటే ఇంక ఉడకాలె, లేకుంటే పట్టి పండ్లకు అతుక్కుంటది. పాకం కాడికి పిల్లలను రానియ్యకు, మీద పడితే అంటుకొని ఊడదు. వాళ్లకు పల్లీలు ఏరే పనియ్యి. ముడుసుకపోయినవి, నల్లవడ్డయి, బూజు వాసనొచ్చేటివి అన్ని తీసి పారెయ్యాలె. తడిసిన కాయను మంచిగ ఎండనియ్యక బస్తాలకెత్తితే లోపల బూజు పడ్తది, అఫ్లాటాక్సిన్ అనే విషం అండ్లకెల్లే పుడ్తది. వేంచినా మొత్తం పోదు. "దంచితే ఎవ్వలకు ఎరుక" అని చెడ్డయి అగ్గువకు తెచ్చి చిక్కి చేసేటోళ్లు ఉంటరు. పల్లి అమ్ముకునేటోన్ని నేనే చెప్తున్న, సంచిల చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీసి వాసన చూసినంకనే కొను. పైనున్నయి ఎప్పుడైనా మంచిగనే ఉంటయి.

నారాయణపేట టైలరక్క:

ముందుగాల ఆ రెండు నారాయణపేట చీరల మీద కత్తెర పెట్టకు తల్లి! అత్తమ్మను అడిగినవా? అంచు బాగుంటే చీర చిరిగినా అంచు పనికొస్తది, లంగాకు ఏసుకోవచ్చు, బిడ్డ జాకెట్ చేతులకు ఏసుకోవచ్చు. మీద గళ్ల బట్ట మెత్తవడి ఉంటది, బొంతకు పై పొర అదే ఉండాలె. బొంతకు నాలుగైదు పొరలు కావాలె గాబట్టి చుట్టాలను అడిగి ఇంకో మూడు కాటన్ చీరలు జమ చేసినంక మొదలు పెట్టు. పాలిస్టర్ నడుమ పెట్టినా జారుతది, కుట్టు ఒక దిక్కు, బట్ట ఒక దిక్కు పోతది. ఎండాకాలం వీపుకు సెగ.

పాలిస్టర్ చీరలు కాళ్లు తుడుసుకునే పట్టలకు మంచిగుంటయి, తడిసినా గంటల ఆరుతయి. మూడు వేళ్ల వెడల్పు పేలికలు కత్తిరించి జడ లెక్క అల్లాలె, అది పిల్లలు అల్లుతరు. ఆ జడను నడుమ నుంచి గుండ్రంగ చుట్టుకుంట దబ్బనంతోని కుట్టుకరావాలె. కింద నేల మీద పరిచి కుట్టు, ఒడిల పెట్టుకొని కుట్టకు. దారం బిగ్గ గుంజితే అంచులు పైకి లేస్తయి.

కల్వకుర్తి అవ్వ:

నేను చెప్తుంటె నా మనుమరాలు రాస్తుంది. బిడ్డా, మీ అత్తమ్మ అన్నది నిజమే, చేతికే ఎరుకైతది. అయినా అడిగినవు గద, చెప్త. కిలో కాగితాలకు పావుకిలో మెంతులు పెట్టుకో.

బుక్కులకు పిన్నులుంటయి, అవి ముందు ఊడవీకాలె. మెరిసే అట్టలు తీసెయ్, నానయి. కాగితాలు సన్నగ చింపి బకెట్ల పోసి మూడు నాలుగు దినాలు నానవెట్టు. దినాం నీళ్లు మార్చాలె, మరువకు. మెంతులు ఒక రాత్రి నానితే చాలు, మెత్తగ రుబ్బితే బంక బంకగ అయితది, ఆ బంకనే కాగితాన్ని పట్టుకునేది. నానిన కాగితం పిండి, రోట్లె ఏసి దంచు. కాగితం ముక్క కనవడకుండ దంచినంక మెంతి ముద్ద ఏసి మల్ల దంచు. మిక్సీల ఏస్తే అది మొత్తుకుంటది గాని నలగదు. ముద్దను గోడకు కొడితే పట్టుకొని ఉండాలె, కారితే నీళ్లెక్కువైనట్టు.

గిన్నె బోర్లేసి పాత గుడ్డ చుట్టు. దాని మీద చిటికెన ఏలు మందం ముద్ద తడి చేతితోని ఒత్తుకుంట రా. ఒక దినం నీడకు, రెండో దినం నుంచి ఎండకు. పైన గట్టివడ్డంక గిన్నె ఊడదీసి లోపల ఆరవెట్టు. పగుళ్లు వస్తే భయపడకు, తీసిపెట్టిన ముద్దతోని పూడ్చు. ఎండాకాలమే దీనికి అదును, ముసురుల చేస్తే బూజొస్తది. మెంతి చేదుకు పురుగు తొందరగ ముట్టదు అంటరు, మా ఇంటి గంపనైతే ముట్టలేదు. ఆరినంక జాజు, అదే ఎర్రమట్టి, పూసి, సున్నంతోని బొట్లు పెట్టుకుంటే కండ్లకు ఇంపుగుంటది. చాటలకు బొక్కలు పడితే గూడ మేము ఇదే ముద్ద అలికేటోళ్లం. వెదురు చాటకు ఇంకో నాలుగేండ్ల ఆయుష్షు వచ్చేది.

చిట్యాల అంగన్‌వాడీ టీచర్:

అవ్వ చెప్పిన గంప చాలా బాగుంది, నేనూ చేయిస్తాను. కానీ చెల్లీ, అందులో మురుకులు మాత్రం నేరుగా పోయకు. కాగితం మీది సిరా నానినా, దంచినా పోదు. మురుకుల నూనెను కాగితం పీల్చుకుంటుంది, సిరా మురుకులకు అంటుతుంది. తినే వస్తువులను న్యూస్‌పేపర్‌లో చుట్టవద్దని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే చెప్పింది, 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనూ పెట్టింది. మిర్చి బజ్జీ బండ్ల దగ్గర ఎవరూ వినరు, అది వేరే సంగతి. గంపలో ఉల్లిగడ్డలు పోసుకో.

ఇంకొకటి, పల్లి పట్టి మంచిదే గానీ బెల్లం కూడా తీపే. ఐరన్ ఉంటుందని చెప్పి రోజుకు నాలుగు పట్టీలు ఇవ్వకు. వారానికి మూడు రోజులు గుడాలు పెట్టు: బెబ్బర్లు, శనగలు, పెసర్లు, ఏవైనా రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించి, ఎండుమిర్చి, ఎల్లిపాయ పోపు. చెంచా నూనెతో నలుగురికి సరిపోతాయి. ఉలవలు ఉడికించిన రోజు ఆ నీళ్లు పారబోయకుండా చారు పెట్టుకో.

దేవరకొండ కోడలు:

అందరికి దండాలు. పన్నెండు దినాలైంది, ఏమైందో చెప్పాలె గదా.

తపాల చెక్క మొదటి దినమే గెలిచింది. రెండోదానికి గిన్నె వెనుక నీళ్లు పోస్తుంటే సుయ్యిమని పొగ లేసింది, దాన్ని చూసుడే మా కొడుకుకు ఆట. ఇప్పుడు వాడే "అమ్మా, రెండోది చేయవా?" అని ఎంటవడ్తుండు. మా ఆయన పొద్దుగాల ఒక చెక్క పేపర్ల చుట్టుకొని ఆటోల పెట్టుకున్నడు. ఈడ టీచరమ్మ రాసింది నా బిడ్డ చదివిందట, ఉరికిపోయి గుంజుకొచ్చి స్టీలు డబ్బల పెట్టిచ్చింది. అడ్డ మీద నలుగురు ఆటోవాళ్లు తిన్నరంట. తెల్లారి "రెండు చెక్కలు చెయ్యి" అన్నడు. పైసలు మిగిలినయా, పిండి ఖర్చు పెరిగిందా అంటే నేనేం చెప్పాలె?

పల్లి పట్టి మొదటిసారి సాగింది. పాకం టక్కుమనలేదు, నాకు ఓపిక లేక దించిన. రెండోసారి మంచిగొచ్చింది. కిలో పల్లీలల్ల పిల్లలు పిడికెడు చెడ్డయి ఏరిన్రు. వాటిని చూసినంక ఇన్నేండ్లు నేను ఏరకుండ ఎట్ల చేసిన్నో అనిపించింది.

గంప ముచ్చట చెప్తే నవ్వకున్రి. రెండు దినాలు మా అక్క కాడికి పోయొచ్చినం, నీళ్లు ఎవ్వలు మార్చలే. వచ్చేసరికి పక్కింటి వదిన "ఎలుక చచ్చినట్టుంది, చూసుకోరాదుండ్రి" అంటుంది. ఆ బకెట్ మొత్తం చెట్టు మొదట్ల పోసి మల్ల నానవెట్టినం. ఈసారి మా అత్తమ్మ రోలు కాడ కూసున్నది. ఎవ్వలను ముట్టనియ్యలే. గోడకు కొట్టి చూసింది, అవ్వ చెప్పినట్టే. గంప వచ్చింది, ఒక దిక్కు వంకరున్నది. అండ్ల ఉల్లిగడ్డలు పోసినం.

టైలరక్కా, నీ మాట నేను యాదికి పెట్టుకున్న గాని నా బిడ్డ పెట్టుకోలే. మంచం మీద కూసుండి ఒడిల పెట్టుకొని బిగ్గ బిగ్గ కుట్టింది. పట్ట కావాల్సింది గిన్నె అయింది. ఇప్పుడు అండ్ల మురుకుల డబ్బ పెట్టింది, "ఇది నా గంప" అంటది. నారాయణపేట చీరల సంగతి అత్తమ్మను అడిగిన. పెట్టె మూసి తాళమేసింది.

ప్యాకెట్లు పూర్తిగ బంద్ కాలే, అబద్ధమెందుకు. ఒక్కొక్కలకు దినానికి ఒకటికి దిగింది. గుడాలు చేసిన దినం అదీ అడుగుతలేరు.

ఆఖరుకు ఒక్కటి: తొలి ఏకాదశికి పేలపిండి ఇంట్లనే చేద్దామని నిన్న జొన్నలు వేంచి చూసిన. సగం పేలినయి, సగం గింజలు గట్లనే నల్లగ మాడినయి. ఏం తప్పు జరిగింది?

కల్వకుర్తి అవ్వ:

గింజ బాగ ఎండిపోయి ఉంటది బిడ్డా. లోపల తడి ఆవిరై బద్దలు కొడితేనే పేలం. ఆ తడి లేకుంటే మాడుడే. ముందటి రాత్రి జొన్నల మీద నీళ్లు చిలకరించి, చేతితోని కలిపి, గుడ్డల మూట కట్టి పెట్టు. తెల్లారి కడాయి మంచిగ కాగినంక ఒక్కొక్క పిడికెడే ఏసి గుడ్డతోని కలుపుతుండు. ఎక్కువేస్తే కడాయి సల్లారుతది. సన్న గింజ జొన్నలు తెచ్చుకో, లావువి అన్ని పేలయి. పేలినంక జల్లెడ పట్టి, పేలని గింజలు తీసేసి, బెల్లం, యాలకులు ఏసి దంచుకో.

మూత పెట్టాల్నా అని అడుగుతవేమో. పెట్టకు. సగం పేలాలు ఇల్లంత ఎగురుతయి, పిల్లలు మంచం కింద దూరి ఏరుకుంటరు. పొయ్యికి మాత్రం దూరం ఉండుమను.